పల్స్ పెట్టండి

డబ్బాలు పంచి, దండలు వేయించుకుని, ఫోటోలు దిగి, కార్లెక్కి పోయిన పెద్దమనుషులారా! ఆ డబ్బాల్లో ఏముందో మీలో ఒక్కడంటే ఒక్కడు విప్పి చూశాడా? ఏ ఊళ్లో ఎలాంటి ఫోను లైనుందో ఎవడైనా అడిగాడా? పట్నం ఆఫీసుల్లో ఏళ్లకేళ్లు వాడి, ఇక పనికిరావని మూలన పడేసిన కంప్యూటర్లను పైపైన తుడిచి, లారీలో కరీంనగర్‌కు తెచ్చి, పల్లెలకు కొత్త వెలుగు అని బ్యానరు కట్టి మరీ పంచారు. కంప్యూటరును ఫోను లైనుతో కలిపి ఇంటర్నెట్టు తెప్పించే ముక్క ఒకటుంటుంది, మోడెం అంటారు. దాన్ని లోపల బిగించకుండా వేరే అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి ఇచ్చారు. బిగించేదెవరయ్యా అంటే, మా మనిషి వస్తాడు అన్నారు. మీ మనిషి రాలేదు. ఎండలు పోయి వానలొచ్చాయి, మీ మనిషి రాలేదు. అలా రాని ఊళ్లలో ఒకటి మోదుగుపేట. ఆ బుధవారం అక్కడ ఏం జరిగిందో వినండి, చెవులుంటే.

మోదుగుపేట నుంచి మెట్‌పల్లికి ఒక్కటే రోడ్డు. రోడ్డుకు అడ్డంగా వాగు. వాగు మీద వంతెన అని చెప్పుకునే సిమెంటు కట్ట ఒకటుంది, నాలుగు వానలు పడితే అది నీళ్ల కిందికి పోతుంది. ఆ పొద్దున కూడా పోయింది. పంచాయతీ సెక్రటరీ వాగు అవతల, మెట్‌పల్లిలో ఉండిపోయాడు. పంచాయతీ ఆఫీసు ఫోనుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని మరీ ఉండిపోయాడు.

ఆఫీసు ముందు గదిలో, కప్పు కారే చోట బకెట్టు పెట్టి, దానికి ఎడంగా జరిపిన బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని కూర్చుంది జమున. బీడీ కార్మికుల సంఘం కార్యదర్శి ఆమె. డబ్బా సంఘం పేరు మీదే వచ్చింది. మోడెం అట్టపెట్టె టేపు గోళ్లకు రాకపోతే పళ్లతో పీకింది.

"జర నిమ్మలంగ, చెల్లె. సర్కారు సామాను" అన్నాడు ఏలియా.

"సర్కారు సామానైతే సర్కారే వచ్చి బిగియ్యాలె ఏలియన్నా. వచ్చిందా?"

"రాలే."

"మరి స్క్రూడ్రైవరు ఇటియ్యి."

ఏలియా మైకుసెట్టు మనిషి. చర్చిలో ఆదివారం ఆరాధనకైనా, ఊళ్లో పెళ్లికైనా చావుకైనా ఆయన డబ్బాలూ ఆయన వైర్లే. స్క్రూలు విప్పడం, ప్లగ్గులు పెట్టడం చేతిలో పని. కంప్యూటరును మాత్రం ముట్టుకోవాలంటే చేతులు తుండుగుడ్డకు రెండుసార్లు తుడుచుకుంటాడు.

గోడవార కూర్చుని ఉంది నవనీత. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. చేతులు వాటంతట అవే బీడీలు చుడుతున్నాయి. కళ్లు మాత్రం బల్ల మీదే. ఆ బల్ల మీది డబ్బా పనిచేస్తే ఆమె భర్త కొండల్ ఇంటికొస్తాడు. చేయకపోతే దుబాయిలో జైలుకు పోతాడు.

సంగతి ఇది. కొండల్‌ను తీసుకుపోయిన కంపెనీ జీతం ఇవ్వలేదు. అడిగీ అడిగీ, కంపెనీ వదిలేసి బయట పనిచేసుకున్నాడు. అలా కాగితాల్లేకుండా బతికేవాళ్లను అక్కడ మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. దొరికితే జైలే. ఇప్పుడు అక్కడి ప్రభుత్వం ఒక గడువు పెట్టింది, ఆలోపు దేశం విడిచిపోతే శిక్ష లేదు. పాస్‌పోర్టు కంపెనీ చేతిలో ఉంది కాబట్టి మన దేశం ఆఫీసు ఇచ్చే ఔట్‌పాసు కావాలి. ఔట్‌పాసు కావాలంటే మనవాడేనని చూపే కాగితం కావాలి. నవనీత పెట్టెలో కొండల్ పాస్‌పోర్టు జిరాక్సు ఉంది. కిందటి వారం మెట్‌పల్లి పోయి ఫ్యాక్సు చేయించింది. దుబాయిలో మన ఆఫీసు కౌంటరు దగ్గర అది విప్పి చూస్తే కొండల్ ముఖం ఉన్న చోట నల్లటి మరక. "మనిషేడీ?" అని తిప్పి పంపారు.

కంప్యూటరులో పంపితే ముఖం కనిపిస్తుంది, నా ఆసుపత్రి మెయిలుకు పంపండి, నేను కాగితం తీయించి దగ్గరుండి ఇప్పిస్తాను అంది క్యాథరిన్. ఊరి ఎస్టీడీ బూతు నడిపే బెంజమిన్‌కు చెల్లెలు, దుబాయిలో నర్సు. ఆమెకు డ్యూటీ లేనిది ఈ ఒక్క బుధవారమే. రేపు గురువారం మధ్యాహ్నంతో దరఖాస్తులు బంద్, ఆపైన శుక్రవారం సెలవు, శనివారంతో గడువే సరి.

"అక్కడ మనకంటె గంటన్నర ఎనుకనే కదక్కా" అంది నవనీత, చుట్టిన బీడీకి దారం కడుతూ. గల్ఫు ఇళ్ల ఆడవాళ్లందరికీ ఆ గంటన్నర లెక్క నోటికొచ్చు. "టైమున్నది కదా?"

"ఉన్నది. ఫికర్ జెయ్యకు" అంది జమున. ఫికరు ఆమెకే ఎక్కువగా ఉంది. ఈ డబ్బా తెచ్చిన రోజు ఊరంతా నిలబెట్టి, ఇగ మనకు ఫ్యాక్సులు లేవు, కాళ్లమీద పడుడు లేదు, దుబాయి మన బల్ల మీదికే వస్తదని మైకులో చెప్పింది ఆమే. మైకు కూడా ఏలియాదే.

పక్క రేకు ఊడదీశారు. లోపల దుమ్ము, ఒక మూల రెండు బల్లి గుడ్లు.

"కొత్త వెలుగు" అన్నాడు ఏలియా, గుడ్లను చూపించి.

మోడెం అంటే అరచేయంత పచ్చ అట్ట. దాని అంచుకు ఇత్తడి రంగు పళ్లు. ఆ పళ్లు లోపలి నల్లటి సందులో కూర్చోవాలి. ఏలియా మెల్లగా పెట్టాడు, కూర్చోలేదు. జమున బొటనవేళ్లతో ఒక్క నొక్కు నొక్కింది. టక్కుమని కూర్చుంది. ఫోను తీగను గోడ దగ్గర రెండుగా చీల్చి, ఒకటి తాళం వేసిన ఫోనుకే ఉంచి, ఇంకొకటి మోడెం వెనక గుచ్చారు. ఫోనుకు తాళముంటే ఏం, గోడకు లేదు కదా. పెట్టెలో వచ్చిన సీడీ వేసి, అది అడిగిన ప్రతిదానికీ సరే సరే అని నొక్కింది జమున. కరీంనగర్‌లో ఆమెకు ఇచ్చిన శిక్షణ ఒక పూట. అందులో సగం భోజనాలకే పోయింది.

సీడీ పనైపోయి కంప్యూటరు మళ్లీ వెలిగాక చూస్తే తెర మీద బాణం కదలడం లేదు. మౌసును ఎటు తిప్పినా అంతే.

"ఎలుక సచ్చింది" అన్నాడు ఏలియా.

"కరీంనగర్ అడుగుదాం" అని జమున కిటికీలోంచి అరిచింది. "బెంజమినూ! సాయిచంద్‌కు కలుపు!"

రోడ్డుకు అవతల, ఎదురుగానే బెంజమిన్ బూతు. పసుపు బోర్డు కింద అద్దాల గది, బయట కుర్చీ, కుర్చీకి ఆనించిన చంకకర్ర. బెంజమిన్ ఒక కాలు చిన్నప్పుడే పోలియోకు పోయింది. గొంతు మాత్రం రెండు కాళ్లవాళ్ల కంటే దూరం పోతుంది. సాయిచంద్ అంటే కరీంనగర్‌లో ఈ డబ్బాలు బిగించే కాంట్రాక్టు తీసుకున్న దుకాణంలో పనిచేసే యువకుడు. మండలాలన్నిటికీ అతనొక్కడే. ఫోనులో అడిగితే చెబుతాడు, రమ్మంటే బండికి పెట్రోలు ఎవరిస్తారంటాడు.

ఆఫీసు ఫోను తీగ మోడెంకు కావాలి కాబట్టి పద్ధతి ఇలా కుదిరింది. జమున ఇక్కడి నుంచి అరుస్తుంది. బెంజమిన్ ఆ మాట ఫోనులో చెబుతాడు. సాయిచంద్ చెప్పింది విని మళ్లీ ఇటు అరుస్తాడు. మధ్యలో వాన.

"ఎలుక కదుల్తలేదని చెప్పు!"

బెంజమిన్ చెప్పాడు, విన్నాడు, అరిచాడు. "ఎలుకా మోడెమూ ఒక్క గడపల్నే కూసున్నయట! మోడెం అట్ట మీద గోరంత నల్ల టోపీ ఉంటదట, దాన్ని తీసి పక్క పుల్లలకు తొడుగుమంటుండు!"

కంప్యూటరు ఆపి, అట్ట బయటికి తీసి చూస్తే నిజంగానే గోరంత టోపీ. ఏలియా కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి, నవనీత దగ్గరి బీడీ కత్తెర మొనతో దాన్ని పీకి పక్క పుల్లలకు తొడిగాడు. మళ్లీ బిగించి వెలిగిస్తే బాణం కదిలింది.

"బతికింది!" అని రోడ్డుకు అవతలికి అరిచాడు.

"హల్లెలూయా!" అని రోడ్డు అవతలి నుంచి వచ్చింది.

రెండో అడ్డంకి వెంటనే వచ్చింది. ఇంటర్నెట్టు ఇచ్చేవాళ్ల ఫోను నంబరుంటుంది, నెట్టు నంబరు; అది కొట్టమని నొక్కితే, డయల్ టోన్ లేదని రాసి చూపించింది కంప్యూటరు. ఫోను చెవికి పెట్టుకుంటే గుర్రుమని టోను వస్తూనే ఉంది. మళ్లీ కిటికీ, మళ్లీ అరుపు. ఈ మిషను దొరల దేశపు టోనుకు అలవాటు పడిందట, మన గుర్రు దానికి ఎక్కదట, టోను కోసం ఆగకుండా నేరుగా నంబరు కొట్టమని ఒక చోట టిక్కు తీసేయాలట. జమున వెతికి తీసేసింది. అదీ సరిపోయింది.

ఇప్పుడు నంబరు కొట్టింది. డబ్బా లోపలి నుంచి పీ పీ పిప్పీ అని కూతలు వినిపించాయి. కూతలు ఆగాయి. తర్వాత గుర్రుమని అదే టోను, ఏమీ జరగనట్టే. కొంచెం సేపటికి జవాబు లేదని తెర మీద అక్షరాలు.

మళ్లీ కొట్టింది. పీ పీ పిప్పీ. గుర్రు. జవాబు లేదు.

"బెంజమినూ! కూత కూస్తుంది గని లైను కలుస్తలేదని చెప్పు!"

బెంజమిన్ చెప్పాడు. కాసేపు విన్నాడు. తల ఊపి, "మంచిది సార్" అని ఫోను పెట్టేశాడు.

"ఏమన్నడు?"

"ఏమన్లే. పల్స్ తిరుగుతున్నదని యాది చేసిండు. పెట్టుమన్నడు, పెట్టేసిన. మంచోడక్కా, మన పైసల మీద రంది ఆయనకు!"

బూతులో పల్స్ అంటే ఒకటే అర్థం. మీటరు మీద ఎర్రగా తిరిగే అంకె. అది ఒకసారి తిరిగితే ఒక పల్స్. ఎస్టీడీ చేసేవాడికి బెంజమిన్ రోజూ చెప్పే మాట, పల్స్ పడ్డది, ఇగ పెట్టుండ్రి. అందుకే అతనికి అనుమానమే రాలేదు.

"పైసలు మనయి, ఆయనకెందుకు రంది?" అంది జమున. కానీ ఆ మాట అంతటితో వదిలేసింది. ఏలియా గోడ దగ్గరి తీగ మార్చాడు. నెట్టు నంబరు తప్పేమోనని, శిక్షణ రోజు ఇచ్చిన కార్డు తీసి అంకె అంకెనూ మళ్లీ పోల్చారు. సరిగానే ఉంది. వాన నీళ్లు లైనులో దిగాయేమోనని ఏలియా గొడుగేసుకుని పోయి స్తంభం మీది డబ్బాను కింది నుంచి చూసొచ్చాడు. కింది నుంచి చూస్తే డబ్బానే కనిపించింది.

"యాళ్లయితుంది అక్కా" అంది నవనీత. మొదటిసారి ఆమె చేతులు ఆగాయి.

"మల్ల కలుపు బెంజమినూ! అన్నీ చూసినం, లైను కలుస్తలేదని చెప్పు! జర గట్టిగ చెప్పు!"

బెంజమిన్ గట్టిగానే చెప్పాడు. ఈసారి అవతలివైపు కూడా గట్టిగా ఏదో చెప్పినట్టుంది, రిసీవరు చెవికి దూరంగా పట్టుకున్నాడు. "అట్లనే సార్, అట్లనే" అని మళ్లీ పెట్టేశాడు.

"మల్ల ఏమాయె?"

"మల్ల గదే మాట! పల్స్ పెట్టుండ్రి, పల్స్ పెట్టుండ్రి అని గర్మయితుండు. ఈసారి జర కోపానికొచ్చిండు. పరాయోని పైసలకు ఇంత పరేషానయ్యేటోన్ని నేను చూడలే!"

జమున కుర్చీ వెనక్కి తోసి లేచింది. ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి మాట మార్చే పని ఆమెకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. బీడీ కంపెనీ వాళ్లు కూడా అంతే, యజమాని మాట గుమస్తా నోట, గుమస్తా మాట కమీషన్‌దారు నోట, చివరికి ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి అది తిట్టయి ఉంటుంది.

"నేనే మాట్లాడ్త" అని తాళం వేసిన ఫోను ముందుకు లాక్కుంది.

పాతకాలం ఫోను అది, వేలు పెట్టి తిప్పే రకం. తిప్పకుండా పళ్లెం సందులో ఇత్తడి తాళం. దానికి తాళం వేసిన సెక్రటరీకి తప్ప ఊరందరికీ తెలుసు, నంబరు తిప్పకుండానే ఫోను చేయొచ్చని. రిసీవరు ఎత్తి, దాన్ని ఆనించే పుల్లను వేలితో టకటకమని కొట్టాలి. రెండంటే రెండు దెబ్బలు, ఏడంటే ఏడు దెబ్బలు, సున్నకైతే పది. అంకెకూ అంకెకూ మధ్య ఒక్క క్షణం ఆగాలి. దెబ్బ తప్పితే ఎవరి ఇంటికో పోతుంది. జమునకు తప్పదు. సంఘం సమ్మెలన్నీ ఆ తాళం పడిన ఫోను మీదే నడిపింది.

సున్న కొట్టింది. ఎనిమిది కొట్టింది. టక టక టక. ఏడు మొదలుపెట్టి సగంలో ఆగిపోయింది.

"ఏమాయె చెల్లె? చెయ్యి గుంజిందా?" అన్నాడు ఏలియా.

జమున పుల్ల వైపు చూసింది. కంప్యూటరు వైపు చూసింది.

"ఏలియన్నా, మన లైనుకు ఏం భాష వస్తది?"

"లైనుకు భాషేంది?"

"గిది టకటక కొడితే సమజయితది దానికి. తిప్పినా గంతే, పళ్లెం తిరిగి వచ్చేటప్పుడు లోపల టకటకనే అంటది. మరి గా డబ్బ ఏమంటుంది?"

ఏలియా ఆలోచించాడు. "పీ పీ అంటుంది."

"మన ఎక్సేంజి తాతల కాలంది. పీ పీ అంటె దానికేం తెల్సు? అది కూత కూసుకుంట కూసున్నది, ఇది వినకుంట కూసున్నది."

నవనీత చాట పక్కన పెట్టి లేచి వచ్చి నిలబడింది.

జమున మళ్లీ మొదటి నుంచి కొట్టింది. ఒక్క దెబ్బ తప్పలేదు. అవతల సాయిచంద్ ఎత్తాడు.

"తమ్మీ, నేను మోదుగుపేట జమునను. నీ మిషినుకు టకటక కొట్టుడు వస్తదా?"

"టకటక ఏందక్కా?"

పుల్ల కొట్టి చూపిద్దామంటే లైను తెగిపోతుంది. జమున నాలుక అంగిలికి ఆనించి శబ్దం చేసింది. "టక్ టక్ టక్. గిట్ల. పీ పీ అనకుంట గిట్ల కొట్టాలె నంబరు."

సాయిచంద్ కరీంనగర్ అంతా వినిపించేలా అరిచాడు.

"గదే పల్స్ అంటేనక్కా! పొద్దుగాల్నుంచి మొత్తుకుంటున్న కద, పల్స్ పెట్టుండ్రి అని! టోన్ తీసి పల్స్ పెట్టుండ్రి అంటున్న! గా బూతాయన మంచిది సార్ అని ఫోన్ పెట్టేస్తుండు! మల్ల చెయ్యంగనే మల్ల చెప్పిన, పల్స్ పెట్టుండ్రి అని. మల్ల పెట్టేసిండు!"

జమున రిసీవరు ఛాతీకి ఆనించుకుని కిటికీలోంచి చూసింది. బెంజమిన్ ఏమీ తెలియకుండా మీటరు అద్దం తుడుచుకుంటున్నాడు.

"ఓ బెంజమినూ! పెట్టుమన్నది ఫోను కాదట! మిషిన్ల పల్స్ పెట్టుమన్నడట!"

"మిషిన్ల మీటరు యాడున్నదక్కా?"

"నీ మీటరు పాడుగాను!"

ఏలియాకు నవ్వాగలేదు. తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నవనీత కూడా నవ్వింది, వెంటనే ఆపుకుంది. గోడ గడియారం వైపు చూసింది.

సాయిచంద్ చెప్పిన చోట నొక్కితే నిజంగానే అక్కడ రెండు చిన్న గుండ్రాలున్నాయి. ఒకదాని పక్కన టోన్, ఇంకోదాని పక్కన పల్స్. రెండూ ఇంగ్లీషులో. టోన్ గుండ్రంలో చుక్క ఉంది. జమున దాన్ని పల్స్‌లోకి మార్చింది. అంతే. అంతకు మించి ఏమీ లేదు. ఒక చుక్క ఇటు నుంచి అటు.

నెట్టు నంబరు కొట్టమని నొక్కింది. డబ్బా లోపల నుంచి టక టక టక అని వినిపించింది. ముగ్గురికీ తెలిసిన శబ్దమే, సెక్రటరీకి తెలియకుండా ఊరంతా కొట్టిన శబ్దమే. టకటక ఆగింది. అవతల గంట మోగింది. ఆ వెంటనే కీచుమని, గరగరమని, గొంతులో ఇసుక పోసినట్టు ఒక కూత లేచింది.

"మైకు గుంజుతుంది! సౌండు తగ్గించు!" అని ఏలియా అలవాటుగా చెయ్యి చాచాడు.

"ముట్టకన్నా! అవి మాట్లాడుకుంటున్నయి!"

కూత ఆగింది. తెర మీద కలిసింది అని పడింది. కొండల్ జిరాక్సును డబ్బాతో పాటు వచ్చిన స్కానరు కింద పెట్టి పొద్దున్నే తీసి ఉంచిన బొమ్మను, క్లిప్పు గుర్తు నొక్కి మెయిలుకు తగిలించి, పంపమని నొక్కింది జమున. నీలం గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకడం మొదలుపెట్టింది. పాకుతోంది, ఆగుతోంది, మళ్లీ పాకుతోంది. సగం దాటింది.

"పోతున్నదా, ఆగిందా?" అన్నాడు ఏలియా. అని, లైను ఉందో లేదో చూద్దామని తాళం వేసిన ఫోను రిసీవరు ఎత్తి చెవికి పెట్టుకున్నాడు.

గీత ఆగిపోయింది. లైను తెగింది అని పడింది.

గదిలో వాన చప్పుడు, బకెట్లో చుక్కల చప్పుడు. ఏలియా రిసీవరును పసిపిల్లను పడుకోబెట్టినట్టు మెల్లగా దాని చోట పెట్టాడు.

"ఒక్కటే తీగ కదన్నా. నువ్వు చెవి పెడితే దాని నోరు మూసినట్టే" అంది జమున. తిట్టడానికి కూడా టైము లేదు. నవనీత పోయి ఫోను పక్కన నిలబడింది. కొంగు చివర తీసి రిసీవరును ఫోనుకు కలిపి రెండు ముళ్లు వేసింది. "ఇగ కొట్టక్కా" అంది.

టక టక టక. గంట. కీచు. కలిసింది. నీలం గీత మళ్లీ మొదటి నుంచి. నవనీత ఈసారి గీత వైపు చూడలేదు, తన కొంగు ముడి వైపే చూస్తూ నిలబడింది. ఏలియా చేతులు వెనక్కి కట్టుకున్నాడు. వాన తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగింది. గీత చివరికంటా పోయింది. మెయిలు పోయింది అని పడింది.

పోయిందంటే చేరిందని కాదు, చేరిందంటే ఒప్పుకున్నారని కాదు. ఫ్యాక్సు కూడా పోయింది అనే చెప్పారు అప్పుడు.

నవనీత ముడి విప్పకుండానే ఫోను పక్కన కూర్చుని, చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. ఆకు కత్తిరించింది, చుట్టలేదు. అక్కడ ఇంకా పన్నెండు కాలేదు కదక్కా అంది ఒకసారి. అక్కడ ఒంటిగంటయి ఉంటది కదక్కా అంది ఇంకోసారి. జమున నెట్టు లైను ఆపి, పక్క రేకు బిగించింది, బల్లి గుడ్లను అట్టముక్క మీదికి జార్చి కిటికీ గూట్లో పెట్టింది.

బూతులో ఫోను మోగింది. బెంజమిన్ ఎత్తాడు. చాలాసేపు విన్నాడు. ఈసారి పల్స్ తిరిగితే డబ్బు పోయేది అతని చెల్లెలు క్యాథరిన్‌దే, అయినా పెట్టమనలేదు. తర్వాత చంకకర్ర వదిలేసి, అద్దాల గది తలుపు పట్టుకుని నిలబడి అరిచాడు.

"ముఖం కనవడ్డదట! కొండల్ బావ ముఖం మంచిగ కనవడ్డదట! కౌంటర్ల తీసుకున్నరట! శనివారం పొద్దుగాల ఔట్‌పాసు ఇస్తరట నవనీతా!"

నవనీత చాట ఒళ్లోంచి జారింది. తునికాకు నేలంతా పరుచుకుంది. వాటిని ఏరుతూ ఏరుతూ ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. "పాస్‌పోర్టు ఫోటోకు మీసాలు తీయించుకొమ్మని మొత్తుకున్న అప్పుడు. మీసాలుంటేనే గుర్తుపడ్తరన్నడు" అంది. ఏలియా కళ్లద్దాలు తుడుచుకున్నాడు, తడిసినవి అద్దాలు కాకపోయినా.

జమున మాత్రం కూర్చోలేదు. నవనీత కొంగు ముడి విప్పి, రిసీవరు ఎత్తి, పుల్ల కొట్టడం మొదలుపెట్టింది.

"ఎవరికే ఇంకా?" అన్నాడు ఏలియా.

"మనకొక్కరికేనా డబ్బా ఇచ్చింది? గిసొంటి తాతల కాలపు ఎక్సేంజీలు ఇంకెన్ని ఊళ్లల్ల ఉన్నయో. ఆ ఊళ్లల్ల కొండళ్లు లేరా?"

సాయిచంద్ ఎత్తాడు. శభాష్ అక్కా అన్నాడు. జమున, మీ పెద్దసారుకు ఫోనియ్యి తమ్మీ అంది. కాసేపు తర్జనభర్జన, తర్వాత దుకాణం పెద్దసారు నున్నటి గొంతు వచ్చింది. ఆ గొంతు చాలా సంతోషించింది. మోదుగుపేట జిల్లాకే ఆదర్శమంది. మీరంతా ఆ కంప్యూటరు పక్కన నిలబడి దిగిన ఫోటో ఒకటి, కృతజ్ఞతగా నాలుగు మాటలు పంపండమ్మా, పైకి పంపిస్తాం అంది.

"ఫోటో పంపం సార్" అంది జమున. "నేను చెప్పేది వినుండ్రి, మధ్యల ఫోను పెట్టకుండ్రి. పల్స్ తిరిగితే తిరగనియ్యుండ్రి. మీరు బిగియ్యాల్సిన డబ్బాలున్న ప్రతి ఊరికి ఇయ్యాల్నే, ఈ పూటనే ఫోను చెయ్యాలె. రేపు మధ్యాహ్నం దాటితే అక్కడ దరఖాస్తులు తీసుకోరు. సాయిచంద్ ఒక్కడే కాదు, మీ దుకాణంల ఎందరుంటే అందరు కూసొని చెయ్యాలె. ఇంగ్లీషుల కాదు, మన మాటల చెప్పాలె. నల్ల టోపీ యాడ తొడగాల్నో, టిక్కు యాడ తియ్యాల్నో, చుక్క యాడ పెట్టాల్నో చెప్పాలె. పల్స్ అని చెప్పి ఊకోవద్దు, టకటక అని చెప్పుండ్రి. చెప్పి, కలిసిందాక లైన్ల ఉండాలె. బిగియ్యరాని ఊరికి మనిషిని పంపాలె, పెట్రోలు మీరే పొయ్యాలె. సాయంత్రం మల్ల చేస్త నేను. ఏ ఏ ఊళ్లకు చెప్పిండ్రో నాకు ఒక్కొక్క పేరు చెప్పాలె. చెప్పకపోతే వాగు దిగంగనే మా చాటలు పట్టుకొని మీ దుకాణం ముందట్నే కూసుంటం. మొదలు పెట్టుండ్రి. ఫోను కాదు సార్, పని."